స్వల్పవ్యయ చిత్రములలో వనభూతము

అడవిలో వసించు అద్భుతప్రాణిని గూర్చి స్వల్పధనముతో తీయబడిన చలనచిత్రములను విద్వాంసులు విమర్శకు యోగ్యములుగా నెంచుట యరుదు. జానపదగేయమును సేకరించుటకు కొండలెక్కిన పండితుడే, అట్టి కల్పన తెరమీద అట్టముక్కల కోఱలతో కనబడినపుడు మొగము త్రిప్పుకొనును. ఈ యనాదరమున కొంత న్యాయము లేకపోలేదు. అందు పెక్కు చిత్రములు చూచినంతనే మఱచిపోదగినవి. కాని భయానకాద్భుతరసముల నిష్పత్తి యెట్లు జరుగునో, ధనాభావము ఆ నిష్పత్తిని ఎట్లు మార్చునో తెలిసికొనుటకు వీనికంటె స్పష్టమైన లక్ష్యములు మాకు దొరకలేదు. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి కలదు. మా సీమలోని నల్లమల కొక వనభూతమున్నది: సగము సింహము, సగము మనుష్యుడు, చెంచులకు అల్లుడు. ఆ ప్రాణి తెర కెక్కినపుడు ఏమి పొందినది, ఏమి పోగొట్టుకొన్నది అను విచారమే ఈ వ్యాసమునకు ప్రేరకము. భూతశబ్దమును మేమిట ప్రాణి యను విశాలార్థమున వాడుచున్నాము. భక్తులు మన్నింతురు గాక.

మా బాల్యము జూపాడు బంగ్లాలో గడచినది. నందికొట్కూరునుండి ఆత్మకూరునకు బోవు దారిలో నున్న ఆ యూరినుండి, ఆకాశము నిర్మలముగ నున్న దినములలో తూర్పున నల్లమల నీలిగీతవలె కానవచ్చును. 1990 ప్రాంతమున తిరునాళ్లకు అద్దె వీడియో తెచ్చి వీధిలో చిత్రములు వేయుచుండిరి. విఠలాచార్య చిత్రము వేసిన రాత్రి పిల్లలమెవ్వరమును భయపడలేదు. మంత్రగాడు మాయమైన చోట చప్పట్లు కొట్టితిమి. చిత్రము ముగిసిన పిదప చేలగట్టున నున్న చింతచెట్టు క్రిందుగా ఇంటికి బోవునపుడు మాత్రము ఒకరి చేయి నొకరు పట్టుకొని పరుగెత్తితిమి. తెరపై భూతమున్నది, భయము లేదు. చింతచెట్టు కడ భయమున్నది, భూతము లేదు. ఈ వైపరీత్యమునకు కారణము ఆనాడు మాకు తెలియలేదు. అలంకారశాస్త్రము చదివిన తరువాత కొంత తెలిసినది.

రసనిష్పత్తికి ఆలంబనమును ఉద్దీపనమును గావలయునని మన శాస్త్రము. భయానకమున వికృతప్రాణి ఆలంబనము; చీకటి, నిర్జనప్రదేశము, వికృతధ్వని మున్నగునవి ఉద్దీపనములు. భరతముని భయానకవిభావములను చెప్పుచు శూన్యగృహమును, అరణ్యగమనమును, నక్కల గుడ్లగూబల దర్శనమును గూడ అందు చేర్చెను. మాయ, ఇంద్రజాలము అనువానిని మాత్రము అద్భుతమునకు విభావములుగా పరిగణించెను. ఇది మిక్కిలి గమనింపదగిన విభాగము. ఒకే భూతము, చూపబడిన తీరునుబట్టి, భయము నైనను గలిగింపగలదు, విస్మయము నైనను గలిగింపగలదు. ధనము చాలని నిర్మాత ఈ రెండింటిలో నేది కోరుకొనునో, దానిని బట్టియే అతని చిత్రపు జాతి యేర్పడును.

పాశ్చాత్యులలో అమెరికావారు ఒక మార్గమును ద్రొక్కిరి. 1967 అక్టోబరులో ఉత్తర కాలిఫోర్నియా యందలి బ్లఫ్ క్రీక్ అను సెలయేటి కడ, రోమశమైన యొక నిలువెత్తు ప్రాణి నడచిపోవుచున్నట్లు ప్యాటర్సన్, గిమ్లిన్ అను నిరువురు ఒక చిన్న ఫిలిం తీసిరి. దాని నిడివి ఒక నిమిషమే. అది నిజమో వేషమో అను వాదము నేటికిని సమసిపోలేదు. మా కది యవసరమును గాదు. ఆ కదలుచున్న కెమెరా, ఆ మసక, ఆ దూరము తరువాతి చిత్రములకు వ్యాకరణమైనవి. 1972లో ఛార్లెస్ బి. పియర్స్ అను ప్రకటనల వ్యాపారి సుమారు 1,60,000 డాలర్లతో ‘ది లెజెండ్ ఆఫ్ బోగీ క్రీక్’ అను చిత్రమును నిర్మించెను. ఆర్కాన్సా రాష్ట్రపు ఫౌక్ అను పల్లెలోని జనులు అందు తమ వేషములు తామే ధరించి, తమ యూరి చిత్తడి యడవిలో తిరుగు ప్రాణిని గూర్చి తామే చెప్పుదురు. ప్రాణి చెట్లచాటున నల్లనినీడగా మాత్రమే కనబడును. 1999లో వచ్చిన ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ మఱియొక యడుగు ముందుకు వేసినది. అందు మంత్రకత్తె యసలు కనబడదు. ముగ్గురు నటులు తామే కెమెరాలు పట్టుకొని యడవిలో దారి తప్పుదురు, రాత్రివేళ గుడారము వెలుపల చప్పుడగును, అంతే.

ఈ చిత్రములలో ఆలంబనము మఱుగునపడి ఉద్దీపనమే రసభారము నంతయు మోయుచున్నది. మంచి భూతవేషమునకు ధనము లేనివానికి చీకటి యుచితముగ దొరకును. నిజమైన యడవి దొరకును. ఊరివారి మాట దొరకును. పేదఱికము ఇట ఔచిత్యమైనది. కాని దీని కొక మూల్యము గలదు. ఈ మార్గమున ప్రేక్షకుడు ‘ఇది నిజముగ జరిగినది’ అని కొంతసేపైనను నమ్మవలయును. నమ్మకము సడలినచో కథలో మిగులునది ఊగులాడు కెమెరా మాత్రమే. అట్టి యనుకరణములు పదుల సంఖ్యలో వచ్చినవి. వానిని చూచితిమి, మఱల చూడ దలచుకొనలేదు.

తెలుగున దారి వేఱు. మన ప్రేక్షకుడు భూతమును నమ్మవలసిన పని లేదు, చూడవలయును. ఈ యభిరుచి సినిమాకంటె పూర్వపుది. 1885లో కడపసీమ సురభి గ్రామమున ‘కీచకవధ’తో నాందీముఖమైన సురభి నాటకసమాజము, రంగులతెరలతోను తంత్రములతోను రంగస్థలమున ఆకాశగమనమును, స్తంభభేదనమును చూపి నాలుగైదు తరముల వారిని ముగ్ధులను జేసినది. ఆ కాలపు నాటకసమాజము ప్రతిదానికిని అంతఃపురపు తెర యొకటి, వీధితెర యొకటి, అడవితెర యొకటి యుండెడివి. అడవితెర దిగినచో అడవి వచ్చినట్లే. రాముడు వనవాసమునకు బోయినను, నలుడు దమయంతిని విడిచినను, హరిశ్చంద్రుడు ఆలుబిడ్డలతో నడచినను అదే చెట్టు, అదే కొలను. కావున తెలుగువాని కన్ను అడవిని గుర్తుగా గ్రహించుటకు అలవాటు పడినదే కాని, అడవినిగా చూచుట కలవాటు పడలేదు.

ఈ యభ్యాసమును తెరపై వాడుకొన్నవారిలో బి. విఠలాచార్య (1920–1999) ప్రథమగణ్యుడు. కన్నడ దేశపు ఉడుపి ప్రాంతమున జన్మించి, కన్నడ చిత్రములతో ఆరంభించి, తెలుగున జానపద చిత్రములకు పర్యాయపదమైనవాడు. ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965), ‘లక్ష్మీ కటాక్షం’ (1970) మున్నగు చిత్రములతో ఆయన పేరు పల్లెపల్లెకు దెలిసినది. అనుకొన్న వ్యయమునకు మించక, అనుకొన్న గడువు దాటక చిత్రము ముగించునని పరిశ్రమలో ఆయనకు బేరు. వేసిన సెట్టునే మాటిమాటికి మార్చి వాడుట, నటుడు పేచీ పెట్టినచో కథలో మంత్రగానిచే వానిని చిలుకగా మార్పించి మిగిలిన చిత్రమును చిలుకతో ముగించుట మొదలగు కథలు ఆయనపై వ్యాపించినవి. చివరిది వట్టి వినికిడియే కావచ్చును. అయినను అది పుట్టుటకు తగిన వ్యక్తి ఆయనయే.

ఆయన మాయలు మిక్కిలి సరళములు. కెమెరా నాపి, వ్యక్తిని తొలగించి, మఱల త్రిప్పినచో వ్యక్తి మాయమగును. ఒకే ఫిలింపై రెండుమాఱులు చిత్రించినచో గోడ యావలిది ఈవల కనబడును. తీగపై వ్రేలాడదీసిన వస్తువు గాలిలో తేలును. చూచువానికి తీగ కనబడుట గూడ కద్దు. ఐనను రసభంగము కాలేదు. ఏలయన అట భయానకము ఉద్దిష్టము గాదు. భూతము వెలుతురులో నిలిచి, ప్రేక్షకుని మొగము వంక జూచి, పెద్దగా నవ్వును. ఆలంబనము సంపూర్ణము, ఉద్దీపనము శూన్యము. ఫలితము అద్భుతము; దానివెంట హాస్యము. మా జూపాడు వీధిలో పిల్లలు చప్పట్లు కొట్టుటకును, చింతచెట్టు కడ పరుగెత్తుటకును గల భేద మిదియే. చెట్టు కడ ఉద్దీపన మొక్కటియే యుండెను.

ఇంతవఱకు చెప్పినది ప్రక్రియాభేదము. దీనితో విరమించినచో విఠలాచార్య చమత్కారి మాత్రమే యగును. ఆయన చిత్రములలో మేము లోతుగా భావించునది 1978లో వచ్చిన ‘జగన్మోహిని’. నరసింహరాజు, జయమాలిని, ప్రభ అందు ముఖ్యపాత్రధారులు. వంచనకు గుఱియైన స్త్రీ మోహినియై నాయకుని యింట జేరుటయు, ఇంటి యిల్లాలు భక్తిబలమున దాని నెదుర్కొనుటయు కథాబీజము. అందు మోహిని వంట చేయుటకు గట్టెలు లేనందువలన తన కాళ్లనే పొయ్యిలో కట్టెలుగా నుంచు ఘట్టము చూచినవా రెవ్వరును మఱవజాలరు. దానికైన వ్యయమెంత? ఒక వంటయిల్లు, ఒక పొయ్యి, కొంత నిప్పు, ఒక కెమెరాతంత్రము. ఇటీవల మా పరిశోధకవిద్యార్థులకు ఈ చిత్రమును ప్రదర్శించితిమి. కడమ మాయలకు నవ్విన వారు ఈ ఘట్టమున నవ్వ నారంభించి సగములో నాగిపోయిరి. ఒక విద్యార్థిని మాత్రము, మా యింట కట్టెల పొయ్యి యుండెడిది అని మెల్లగా ననినది. ఆ మాటకు మించిన వ్యాఖ్య మాకు తోపలేదు.

ఈ ఘట్టమున జరిగిన దేమి? వనమున దిరుగవలసిన భూతము కోడలై వంటయింట జేరినది. కోడలు చేయు చాకిరినే అది చేయుచున్నది, కాని దేహమునే ఇంధనముగా జేసి. అమెరికా చిత్రములలో మనుష్యుడు అడవికి బోయి భూతమునకు చిక్కును. మన చిత్రమున భూతమే యింటికి వచ్చి చుట్టఱికము కలుపుకొనును. అచట ప్రశ్న ‘అది యున్నదా లేదా’ అని. ఇచట ప్రశ్న ‘అది మన కేమగును’ అని. చుట్టఱికమునకు అడవి యక్కఱలేదు. నాలుగు గోడలు చాలును. స్వల్పవ్యయము తెలుగు వనభూతమును ఇంటికి చేర్చినదనియు, అట అది తన స్వస్థానమును కనుగొన్నదనియు మా యభిప్రాయము.

ఈ చుట్టఱికము విఠలాచార్య కల్పించినది గాదు. ఆళ్లగడ్డకు సమీపమున నున్న అహోబిలమున నిది బహుకాలముగ నున్నది. ఎఱ్ఱాప్రగ్గడ 14వ శతాబ్దమున నృసింహపురాణమును రచించునాటికే ఆ క్షేత్రమహిమ కావ్యవస్తువు. అందలి నరసింహుని యుగ్రత లోకమెఱిగినది. కాని జనవ్యవహారమున ఆ యుగ్రమూర్తి తిరిగి వైకుంఠమునకు బోలేదు. నల్లమలలో దిరుగుచు ఒక చెంచుకన్యను జూచి వలచెను. ఆమెను పెండ్లాడి చెంచులకు అల్లుడయ్యెను. ఓబయమంత్రి గరుడాచల యక్షగానము మొదలుకొని వీధిభాగవతుల చెంచునాటకముల వఱకు ఈ కథకు గల ప్రచారము మన పరిశోధకు లెఱిగినదే. రాక్షసుని పొట్ట చీల్చిన గోళ్లవాడు మామగారి యడవిలో తేనె తీయుట నేర్చుకొనవలసి వచ్చుట యందలి సౌందర్యమును గుర్తించినవారు మాత్రము కొందఱే.

ప్రతి సంవత్సరము సంక్రాంతి వెళ్లగనే జరుగు పార్వేట యుత్సవమున స్వామి పల్లకినెక్కి కొండ దిగి, ఆళ్లగడ్డ ప్రాంతమునందలి 30కి పైబడిన గ్రామములలో సుమారు 40 దినములు సంచరించును. తన పెండ్లికి తానే పిలువ వచ్చుచున్నాడని జనుల భావన. ఆరంభమున చెంచులు స్వామి పల్లకిపై బాణములు వేయుదురు. అల్లునిపై మామగారి యింటివారు వేయు బాణమది. భయమును భక్తియు వేళాకోళమును ఒకే చేతిలో నున్న యిట్టి క్షణమును మేము మఱి యెందును జూడలేదు.

ఈ ప్రాణి తెరపై నేమైనది? తెలుగు టాకీల చరిత్ర నరసింహునితోనే మొదలగుట విశేషము. 1932లో హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ మన తొలి పూర్తి టాకీ. చెంచుకథ 1943లో ఎస్. సౌందరరాజన్ దర్శకత్వమున ఒకమాఱు, 1958లో బి.ఎ. సుబ్బారావు దర్శకత్వమున అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి ప్రధానపాత్రలుగా మఱియొకమాఱు ‘చెంచులక్ష్మి’ యను పేర వచ్చినది. 1958 నాటి చిత్రమున వరుని వననైపుణ్యమును వధువు పరీక్షించు పాట యొకటి కలదు. చెట్లెక్కుట వచ్చునా, అడవిపనులు చేతనగునా అని వేటకన్య భగవంతుని నిలువదీయును. చుట్టఱికపు కథకు ఇంతకంటె తగిన పాట లేదు. అది జనుల నోళ్లలో నిలిచినదన్న వింత యేమి? కాని ఆ చిత్రపు టడవి చూచువానికి నల్లమల యని తోపదు. చెంచువారి వేషభాషలు ఏ కొండజాతికైన సరిపోవు ఈకలు, పూసలు. అల్లుడు దక్కెను గాని మామగారి యూరు పోయినది.

మేము మొదట చెప్పిన నష్టమిది. అడవితెర అలవాటు వలన మనకు భూతముతోడి బంధుత్వము మిగిలినది, భూతపు చిరునామా చెఱగినది. ఆత్మకూరునుండి దోర్నాలకు బోవు కనుమదారిలో బైర్లూటి, నాగలూటి చెంచుగూడెములు కలవు. ఆ యడవి నేడు నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల యభయారణ్యమున భాగము. అందు ఎవ్వ రుండవలయును, ఎవ్వరు తేనె తీయవలయును అను ప్రశ్నలు కాగితములపై నడచుచున్నవి. తెరపై చెంచు అడవికి అలంకారము. అడవిలో చెంచు అనుమతి కోరవలసినవాడు. ఈ రెండింటికిని సంబంధము లేదనుకొనుట సాహిత్యవిద్యార్థికి తగదు.

అట్లనుట చులకనగు విమర్శ యని కొంద ఱనవచ్చును: స్వల్పవ్యయముతో నల్లమలను జూపుట సాధ్యమా యని. దీనికి ప్రత్యుత్తరము విఠలాచార్య పుట్టిన జిల్లానుండియే వచ్చినది. 2022 సెప్టెంబరులో విడుదలయై, అక్టోబరులో తెలుగు మాటలతో మన యూళ్లకు వచ్చిన కన్నడచిత్రము ‘కాంతార’ ఉడుపి జిల్లాలోని కెరాడి పరిసరములలో తీయబడినది. నేటి భారీచిత్రముల వ్యయముతో పోల్చినచో దాని వ్యయము స్వల్పమే. అందు పంజుర్లి యను వరాహభూతము ఊరివారికి భూమి నిప్పించి, దానిని తిరిగి లాగికొనువానిని శిక్షించును. అటవీశాఖ యధికారి, దొర, పల్లెవారు ముగ్గురును అదే నేలకై వాదులాడుదురు. భూతము ఆ వాదమున సాక్షి. ఆలంబనము వేషధారి దేహమున నిలుచును; ఉద్దీపనము ఆ నేల, ఆ వాన, ఆ దివిటీలు. రెండును సమపాళ్లలో నుండుటచే భయమును విస్మయమును కలసియే కలుగును. చిత్రము నడుమ వచ్చు హాస్యమును, నాయికపట్ల నాయకుని మోటుతనమును మేము మెచ్చజాలము. అయినను భూతమునకు చిరునామా యున్న చిత్రము ఎట్లుండునో అది చూపినది. ఉడుపినుండి వచ్చిన ఒకడు మనకు చిరునామాలేని భూతముల నిచ్చెను. అర్ధశతాబ్దము పిమ్మట ఆ ప్రాంతమువాడే మఱియొకడు చిరునామాతో పంపెను.

ఇటీవలి తెలుగుచిత్రములలో ‘ఊరు పేరు భైరవకోన’ (2024) మా యాశను రేపి యడచినది. భైరవకోన నల్లమల పాదమున నున్న గుహాలయముల పేరు. చిత్రమందలి యూరు ప్రేతముల కల్పితస్థలము. పేరు మాత్రమే ఎరువు తెచ్చుకొన్నారు. 2025 జూలైలో వచ్చిన ‘మహావతార్ నరసింహ’ యను యానిమేషన్ చిత్రమున సింహపు జూలులోని ప్రతి వెండ్రుకయు కదలును. స్తంభము పగులు ఘట్టమునకు చిత్రశాలలలో జనులు చేతులు మోడ్చిరి, మేమును మోడ్చితిమి. ఐనను ఆ కథ ప్రహ్లాదునితో పరిమితమైనది. గణకయంత్రము ఆలంబనమును ఇదివఱ కెన్నడును లేనంత పరిపూర్ణముగ నిచ్చినది. స్వామి కొండ దిగి పిల్ల నడుగు కథ దాని పరిధిలోనికి రాలేదు. ఈ రెండింటిలో నొక దానిని ఎన్నుకొను మన్నచో, జూలులోని వెండ్రుకలకంటె పొయ్యిలోని కాళ్లనే మేము ఎన్నుకొందుము. మొదటిది చూచి తల వంచితిమి. రెండవదాని వలన తల యెత్తి మా వంటయింటి వంక చూచితిమి.

నరసింహునిపై చెంచుకథలను గూడెములలో చెప్పినవి చెప్పినట్లు సేకరించి, యక్షగానప్రతులతోను 1943, 1958 చిత్రములతోను పోల్చు పని మా శాఖలో నొక విద్యార్థి యిటీవల చేపట్టెను. మొదటి విడతగా పార్వేట ఆరంభమును చిత్రించుటకు అతడు కెమెరాతో పోయివచ్చెను. తెచ్చిన దృశ్యము మసకగా నున్నది. జనుల తలలు అడ్డముగ నున్నవి. విల్లు వంగుట కనబడును, బాణము కనబడదు. పల్లకి యొక్కమాఱు కదలును. దాని నిడివి రెండు నిమిషములకు లోపు.